మిరపకాయ ‘టూ రెడ్’ అంటే పార్టీ భయపడడా మరి?

ప్రశ్న: మేడం గారూ, మాది గుంటూరు. డిగ్రీ అయ్యాక మిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న ఆఫీసులో చేరి ఎనిమిది నెలలైంది. పార్టీలకి, అంటే మా సరుకు కొనేవాళ్లకి, ఇంగ్లీషులో మెయిల్స్ రాసే పని నాదే. పోయిన నెల ఒక విదేశీ పార్టీకి ‘అవర్ చిల్లీస్ ఆర్ టూ రెడ్ అండ్ వెరీ పర్‌ఫెక్ట్, అవర్ స్టోరేజ్ ఈజ్ వెరీ ఫ్రీజింగ్’ అని రాశాను. మర్నాడే ఆయన దగ్గర్నుంచి రెండు ప్రశ్నలొచ్చాయి. ఎరుపు అంత ఎక్కువెందుకైంది, రంగేమైనా కలిపారా అని ఒకటి. సరుకుని గడ్డకట్టించి పెడుతున్నారా అని ఇంకొకటి. మా సార్ ఆ మెయిల్ ఆఫీసులో అందరి ముందూ పైకి చదివారు. అప్పట్నుంచి మెయిల్ రాయాలంటేనే టెన్షన్. వెరీ, టూ, సో, క్వైట్, అబ్సల్యూట్లీ ఇవన్నీ ఏవి ఏ అడ్జెక్టివ్ ముందు వాడాలో ఒక లిస్టు ఇచ్చారంటే బట్టీ కొట్టేస్తాను.

జవాబు: లిస్టు ఇవ్వనమ్మా, కోపం తెచ్చుకోకు. నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే ఉంటుంది నీకు, అందుకే నువ్వు అని రాసేస్తున్నా. ముప్పై ఏళ్లు బెజవాడలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఇలాంటి లిస్టులు బట్టీ పట్టినవాళ్లని లెక్కలేనంతమందిని చూశాను. ఇంటర్వ్యూలో కూర్చోగానే లిస్టు నోటుబుక్కులోనే ఉండిపోతుంది, నోట్లోంచి మాత్రం ‘వెరీ’ ఒక్కటే ఊడిపడుతుంది. నీ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి, మూడూ మూడు రకాలు. అవి ఎందుకు తప్పో తెలిస్తే చాలావరకు దారిలో పడతావు. మీ సార్ అలా అందరి ముందూ చదవడం మాత్రం నాకు నచ్చలేదు, ఆ సంగతి తర్వాత.

ముందు ‘టూ’ సంగతి చూద్దాం, ఎందుకంటే నీ కొంప ముంచింది అదే. మనవాళ్లకి టూ అంటే మెచ్చుకోలు. బీసెంట్ రోడ్డులో చీర చూసి ‘టూ గుడ్’ అంటాం, బిర్యానీ తిని ‘టూ టేస్టీ’ అంటాం, మేనల్లుడి మార్కులు చూసి ‘టూ ఇంటెలిజెంట్’ అంటాం. మనలో మనకి చెల్లిపోతుంది, విన్నవాడూ మనవాడే కాబట్టి. కానీ ఇంగ్లీషులో టూ అనేది హద్దు దాటిపోయిందని చెప్పే మాట, మన ‘మరీ’ లాంటిది. మీ మిర్చి యార్డులో ఒక రైతు టిక్కీ (మిర్చి బస్తా) విప్పాడనుకో. కొనేవాడు కాయ చేతిలోకి తీసుకుని ‘చాలా ఎర్రగా ఉందయ్యా’ అంటే రైతు మొహం వెలిగిపోతుంది. అదే ‘మరీ ఎర్రగా ఉందేంటయ్యా’ అంటే? వెంటనే సంజాయిషీ మొదలెడతాడు. ‘ఆయన చాలా మంచాయన’ అంటే పొగడ్త. ‘ఆయన మరీ మంచాయన’ అంటే ఎవడో ఆయన్ని నిండా ముంచేశాడని అర్థం. నీ పార్టీకి వినపడింది ఆ రెండో గొంతే.

పైగా అతను భయపడ్డాడంటే దానికి కారణం ఉంది. కారంలో సుడాన్ అనే, తినకూడని రసాయన రంగు కలుస్తోందని తేలాక 2003లో యూరప్ దేశాలు మిర్చి సరుకు మీద ప్రత్యేకంగా ఆంక్షలు పెట్టాయి. 2005లో బ్రిటన్‌లో అదే రంగు ఉన్న కారం ఒక సాస్‌లో కలిసిందని తెలిసి, ఆ సాస్ వాడిన వందల రకాల తిండి సరుకుల్ని షాపుల్లోంచి వెనక్కి తీసుకున్నారు. అలాంటి వ్యాపారంలో ఉన్నవాడికి నువ్వు ‘టూ రెడ్’ అని నీ చేత్తోనే రాసి పంపావు. రంగు కలిపారా అని అడక్కపోతే ఆశ్చర్యపోవాలి గానీ.

అందుకని ఇకమీదట టూ అని టైపు చెయ్యబోతూ ఒక్క క్షణం ఆగి దాని చోట ‘మరీ’ పెట్టి చదువుకో. వాక్యం నిష్టూరంగా వినిపిస్తే, నీ ఉద్దేశం నిష్టూరమే అయితే, ఉంచు. లేకపోతే తీసెయ్. టూ వెనకాల తరచుగా ఇంకో ‘టు’ నడుస్తుంది, అది కూడా గమనించు. ‘ఇట్ ఈజ్ టూ హాట్ టు వాక్’, అంటే నడవలేనంత ఎండ. పని జరగదన్న కబురు టూ లోనే ఉంది, ‘నాట్’ అని విడిగా చెప్పక్కర్లేదు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి బెంజి సర్కిల్ దగ్గర ఆటో కోసం నిలబడినవాళ్లకి ఈ వాక్యం ఎవరూ నేర్పక్కర్లేదు, అదే వస్తుంది. ‘ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్’ అని ఒకటుంది, అందులో టూకి ఈ చేదు లేదు. అలాంటివి రెండు మూడు ఉంటాయి, వాటిని ముక్కకి ముక్క గుర్తుపెట్టుకోవడమే.

ఇప్పుడు ‘వెరీ ఫ్రీజింగ్’. మీ ఇంట్లో స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్లి నిలబడు. ఫ్యాన్‌కి రెగ్యులేటర్ ఉంటుంది, లైటుకి ఉత్త స్విచ్ ఉంటుంది. అడ్జెక్టివులూ అంతే. కోల్డ్, హాట్, బిగ్, టైర్డ్, యాంగ్రీ ఇవన్నీ రెగ్యులేటర్ ఉన్న మాటలు. ఒకటిలో పెట్టొచ్చు, నాలుగులో పెట్టొచ్చు. ‘ఎ బిట్ టైర్డ్’, ‘ఫెయిర్లీ టైర్డ్’, ‘వెరీ టైర్డ్’, ‘ఎక్స్‌ట్రీమ్లీ టైర్డ్’, ఎంత తిప్పితే అంత. డెడ్, మ్యారీడ్, ఎంప్టీ లాంటివి స్విచ్ మాటలు. చచ్చిపోయినవాణ్ణి ‘చాలా చచ్చిపోయాడు’ అనం, ‘కొంచెం పెళ్లయింది’ అనం (సరదాకి అనే బావగార్లుంటారు, అది వేరే). ఇక మూడోరకం ఒకటుంది, మనవాళ్లు దొరికిపోయేది అక్కడే. ఫ్రీజింగ్, బాయిలింగ్, హ్యూజ్, టైనీ, ఎగ్జాస్టెడ్, ఫ్యూరియస్, స్టార్వింగ్, డెలిషస్. ఇవి రెగ్యులేటర్‌ని ముందే అయిదులో పెట్టి, పైన టేపు అంటించి పంపిన మాటలు. ఫ్రీజింగ్ అంటేనే ‘గడ్డకట్టేంత చలి’. ఆ ‘అంత’ మాటలోనే ఉంది. దాని ముందు వెరీ పెడితే ‘చాలా గడ్డకట్టేంత చలి’ అయి కూర్చుంటుంది. స్టార్వింగ్ అంటే ‘ఆకలి దంచేస్తోంది’ అనడం, ‘చాలా ఆకలి దంచేస్తోంది’ అని ఏ పిల్లాడూ వంటింట్లోకి వచ్చి అరవడు.

మరి వీటికి ఇంకాస్త జోరు కావాలంటే? అబ్సల్యూట్లీ, కంప్లీట్లీ, అట్టర్లీ. ఇవి ‘ఎంత’ అన్నదాన్ని పెంచవు, ‘పూర్తిగా, సందేహం లేకుండా’ అని ముద్ర వేస్తాయి. ‘అబ్సల్యూట్లీ ఫ్రీజింగ్’ సరే, ‘అబ్సల్యూట్లీ కోల్డ్’ ఎవరూ అనరు. ‘వెరీ కోల్డ్’ సరే, ‘వెరీ ఫ్రీజింగ్’ ఎవరూ అనరు. రెండు పక్కలా చెల్లే నాణెం ఒకటుంది, ‘రియల్లీ’. రియల్లీ కోల్డ్, రియల్లీ ఫ్రీజింగ్ రెండూ బాగానే ఉంటాయి. మాట్లాడేటప్పుడు తడబాటు వస్తే రియల్లీ అనేసి గట్టెక్కెయ్. నా శిష్యులకి నేనిచ్చిన ఒకే ఒక్క దొంగదారి అది. మెయిల్లో మాత్రం కాస్త కబుర్లు చెప్పినట్టుంటుంది, అక్కడ తగ్గించు.

నీ విషయంలో ఇంకో చిక్కుంది. వెరీ తీసేసి ‘అబ్సల్యూట్లీ ఫ్రీజింగ్’ అని రాసినా గ్రామర్ ఒప్పుతుంది గానీ మాట తప్పుతుంది. మిర్చి కోల్డ్ స్టోరేజీలో చల్లదనం సున్నాకి పైనే ఉంచుతారు, అలా దాచిన ‘ఏసీ కాయ’ని ఎవరూ గడ్డకట్టించరు, ఇది నాకంటే నీకే బాగా తెలుసు. ఇంట్లో స్వెటర్ వేసుకుంటూ ‘ఫ్రీజింగ్’ అంటే అతిశయోక్తి, అందరికీ అర్థమవుతుంది. సరుకు గురించి అంటే అది కొలత. పార్టీ దాన్ని కొలతగానే చదివాడు.

‘వెరీ పర్‌ఫెక్ట్’ గురించి ఎక్కువ చెప్పను. పర్‌ఫెక్ట్ స్విచ్ జాతి, లోపం ఉందా లేదా అంతే. ‘ఆల్మోస్ట్ పర్‌ఫెక్ట్’ అనొచ్చు, ‘అబ్సల్యూట్లీ పర్‌ఫెక్ట్’ అనొచ్చు. అయితే ఎవరైనా దీని మీద మరీ బిగుసుకుపోయి వాదిస్తే, 1787లో రాసుకున్న అమెరికా రాజ్యాంగం మొదటి వాక్యంలోనే ‘ఎ మోర్ పర్‌ఫెక్ట్ యూనియన్’ అని ఉందని చెప్పు. భాష రూలు కంటే కొంచెం వదులుగానే నడుస్తుంది. కానీ ఆ వదులు వాళ్లు వాడితే అందం, ఎనిమిది నెలల ఉద్యోగివి నువ్వు వాడితే తప్పు. అన్యాయమే, ఏం చేస్తాం.

అసలు సంగతికి వస్తా. నువ్వు ఇంగ్లీషులో ఇదేదో కొత్త విద్య అనుకుంటున్నావు. పుట్టినప్పట్నుంచీ తెలుగులో నువ్వు చేస్తున్న పనే ఇది. చీకటికి ముందు ఏం పెడతావు? కటిక చీకటి, చిమ్మచీకటి. అబద్ధానికి? పచ్చి అబద్ధం. దండగకి? శుద్ధ దండగ. ఎండకి మండుటెండ. ఎవరైనా ‘పచ్చి చీకటి’ అన్నారనుకో, ‘కటిక అబద్ధం’ అన్నారనుకో, అర్థం తెలుస్తుంది, కానీ చెవికి ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. మరి పేదరికానికి మళ్లీ కటికే, నేలకీ కటికే, మోసానికి మళ్లీ పచ్చే. ఎందుకూ అంటే చెప్పలేవు. ఎవరూ నీకు లిస్టు ఇవ్వలేదు. మీ అమ్మమ్మ అంటుంటే విన్నావు, జత కుదిరిన మాటల్ని జతగానే పట్టుకున్నావు.

ఇంగ్లీషు వాళ్లూ అంతే. చీకటి ‘పిచ్ డార్క్’, నిద్ర ‘ఫాస్ట్ అస్లీప్’, మెలకువ ‘వైడ్ అవేక్’, కొత్త వస్తువు ‘బ్రాండ్ న్యూ’, చెవుడు ‘స్టోన్ డెఫ్’. చలి ‘బిటర్లీ కోల్డ్’, చదువు ‘హైలీ క్వాలిఫైడ్’, రహస్యం ‘స్ట్రిక్ట్లీ కాన్ఫిడెన్షియల్’. ‘హైలీ కోల్డ్’ అన్నావంటే అది వాళ్ల చెవికి పచ్చి చీకటే. నిద్రకి ‘ఫాస్ట్’ ఏంటి, వేగంగా నిద్రపోవడమేంటి అని నా క్లాసులో ప్రతి ఏడూ ఒకడైనా అడిగేవాడు. అక్కడ ఫాస్ట్ అంటే పాత అర్థం, గట్టిగా, కదలకుండా అని. ‘ఫాసెన్’ అనే మాటలో, సీట్‌బెల్టు దగ్గర చదువుతాం చూడు, అందులో ఉన్నది ఆ ఫాస్టే. అందుకని ఇంటెన్సిఫయర్లు (వెరీ, అబ్సల్యూట్లీ లాంటి జోరు పెంచే మాటలు) విడిగా, అడ్జెక్టివులు విడిగా రెండు వరసలు రాసుకుని గీతలు కలిపే పని పెట్టుకోకు. కొత్త అడ్జెక్టివ్ కనపడ్డప్పుడు దాని ముందు కూర్చున్నదాన్ని కూడా కలిపి ఒకే మాటలా రాసుకో. పార్టీలు నీకు పంపే మెయిల్సే దీనికి మంచి పుస్తకం, రోజుకి రెండు జతలు దొరుకుతాయి.

ఈ మాటలకి ఇంకో రోగముంది, వాడగా వాడగా అరిగిపోవడం. ‘వెరీ’ ఒకప్పుడు ‘నిజమైన’ అనే మాట. ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది, ‘సత్యం’ అన్న అర్థంతో. ఆ పాత వాసన ‘దిస్ వెరీ డే’ లాంటి చోట్ల ఇంకా ఉంది, సరిగ్గా ఈ రోజే అని. నిజం అరిగిపోయి చాలా అయింది, అప్పుడు మళ్లీ నిజాన్నే ‘రియల్లీ’ అని తెచ్చుకున్నారు, ఇప్పుడు అదీ అరుగుతోంది. ‘టెరిబ్లీ’లో భయం ఉండేది, ‘ఆఫుల్లీ’లో విస్మయం ఉండేది, ఇప్పుడు ‘టెరిబ్లీ సారీ’ అంటే టీ ఒలకబోసి అనే మాట. మనం మాత్రం తక్కువ తిన్నామా? ‘సినిమా భయంకరంగా ఉందిరా’ అంటే బాగుందో బాలేదో మొహం చూస్తే గానీ తెలియదు. ఇక మన ‘చాలా’ అసలు ‘చాలు’లోంచి వచ్చింది. సరిపోయేంత అని అర్థం. అది సరిపోకే కదా ‘చాలా చాలా’ అంటున్నాం! ‘వెరీ వెరీ గుడ్’ అక్కణ్ణుంచే పుట్టుంటుంది మనకి. వేడి వేడి ఇడ్లీని ‘హాట్ హాట్ ఇడ్లీ’ చేసేదీ ఆ అలవాటే. వెరీని రెండుసార్లు అనడం వాళ్లలోనూ ఉంది, ‘హాట్ హాట్’ మాత్రం మన సొంత సరుకు, ఇంట్లో వాడుకో, ఆఫీసుకి తీసుకెళ్లకు.

‘క్వైట్’ దగ్గర నేనే ఒకసారి పప్పులో కాలేశాను, అది చెప్పకుండా నీకు పాఠం చెప్పడం ధర్మం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మేం పనిచేసే కాలేజీకి ఇంగ్లండు నుంచి ఒక పెద్దాయన వచ్చి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. నిజంగా బాగా మాట్లాడాడు. అయిపోయాక అందరికంటే ముందు వెళ్లి, కాటన్ చీర కొంగు సర్దుకుని, ఎంతో వినయంగా ‘యువర్ టాక్ వాజ్ క్వైట్ గుడ్ సర్’ అన్నాను. ఆయన ‘ఓ’ అన్నాడు. అంతే. చేతిలో టీ కప్పు వంక చూసుకున్నాడు. నేను లోపల సంబరపడిపోయాను, పెద్దాయనకి మాట రాలేదని. ఏడాది తర్వాత ఒక డిక్షనరీలో చూస్తే తెలిసింది, బ్రిటిష్ వాళ్లకి ‘క్వైట్ గుడ్’ అంటే ‘ఫర్వాలేదు’ అని! అమెరికా వాళ్లకైతే అదే మాట మెచ్చుకోలు. మళ్లీ బ్రిటిష్ వాళ్లే ‘క్వైట్ ఇంపాజిబుల్’ అంటే మాత్రం పూర్తిగా అసాధ్యం అని అర్థం, ఎందుకంటే ఇంపాజిబుల్ స్విచ్ మాట, దాని ముందు క్వైట్ ‘పూర్తిగా’ అయిపోతుంది. రెగ్యులేటర్ మాట ముందు ‘ఓ మోస్తరు’. నీ పార్టీలు రెండు రకాల దేశాల్లోనూ ఉంటారు కాబట్టి ఆఫీసు మెయిల్లో క్వైట్ జోలికి పోకు. నా సలహా ఇది, రూలు కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. ‘వెరీ బెటర్’ లేదు, ‘మచ్ బెటర్’, ‘ఫార్ బెటర్’. పోలిక వచ్చిందంటే వెరీ పక్కకి తప్పుకోవాలి. ‘మోర్ బెటర్’ అసలే వద్దు, బెటర్‌లోనే మోర్ ఉంది. ‘ది వెరీ బెస్ట్’ ఒప్పే. ‘ఐ యామ్ వెరీ మచ్ హ్యాపీ’ మన ఫంక్షన్లలో మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ అంటారు, ‘వెరీ హ్యాపీ’ చాలు. ‘వెరీ మచ్ ఇంట్రెస్టెడ్’ ఫర్వాలేదు. ‘ఇనఫ్’ ఒక్కటే వెనకాల కూర్చుంటుంది, ‘డ్రై ఇనఫ్’ అనాలి, ‘ఇనఫ్ డ్రై’ కాదు. ‘సో’ మనసులో మాట చెప్పేటప్పుడు బాగుంటుంది, ‘ఐ యామ్ సో హ్యాపీ’ అని అక్కకి మెసేజ్ పెట్టు, పార్టీకి పెట్టకు.

ఇంతా చెప్పి అసలు నీకు చెప్పాల్సింది ఇది. సరుకు గురించి రాసేటప్పుడు వీటిలో ఏదీ అంతగా అక్కరకి రాదు. కాయ ఎంత ఎరుపో చెప్పడానికి మీ వ్యాపారంలో కొలత ఉంది, ఆస్టా నంబర్. ఎంత ఘాటో చెప్పడానికి స్కోవిల్ ఉంది. తేమకి శాతం ఉంది. మిర్చి రకాల్లో తేజ అంటే ఘాటు, బ్యాడగీ అంటే రంగు అని కొనేవాడికి పేరులోనే తెలుస్తుంది. ‘వెరీ హాట్’ అని రాస్తే వేడో, కారమో కూడా తెలియదు, ఇంగ్లీషులో రెండింటికీ అదే మాట ఏడ్చింది. యార్డులో కాయ విరిచి, రంగు చూసి, తాలు (రంగు పోయిన కాయ) ఎంత కలిసిందో చూసి రేటు చెప్పే మనిషి ‘చాలా’ అనే మాట ఎన్నిసార్లు అంటాడో ఓ పూట నిలబడి విను.

ఆ పార్టీకి ఇంకా జవాబు పంపలేదంటే ఇలా రాయి. ‘థాంక్యూ ఫర్ యువర్ క్వశ్చన్స్. నో కలర్ హాజ్ బీన్ యాడెడ్. ది చిల్లీస్ ఆర్ నాచురల్లీ డీప్ రెడ్. దే ఆర్ కెప్ట్ ఇన్ కోల్డ్ స్టోరేజ్ బట్ నాట్ ఫ్రోజెన్. ది ల్యాబ్ రిపోర్ట్ ఈజ్ అటాచ్డ్. ఐ యామ్ సారీ ఫర్ ది కన్‌ఫ్యూజన్.’ సారీ ముందు వెరీ గానీ, సో గానీ, ఎక్స్‌ట్రీమ్లీ గానీ పెట్టకు. నువ్వు కొంపలేమీ తగలెయ్యలేదు, ఆయన అడిగాడు, నువ్వు చెప్పావు. ల్యాబ్ రిపోర్టు మీ సార్ ఫైల్లో ఉంటుంది, అడిగి తీసుకో. పంపేముందు ఆయనకి ఒకసారి చూపించు. కావాలంటే ఈ మెయిల్ కూడా అందరి ముందూ పైకి చదవమను.